ఊదితే కొవ్వొత్తి ఎందుకు ఆరుతుంది? పిల్లలకు చెప్తున్న తప్పు జవాబు గురించి

ఊదితే కొవ్వొత్తి ఎందుకు ఆరిపోతుందని పిల్లలు అడిగితే మన ఇళ్ళలో ఒక జవాబు రెడీగా ఉంటుంది. "మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా, అది మంటని ఆర్పేస్తుంది." టీచర్లు చెప్తారు, ట్యూషన్ సార్లు చెప్తారు, బీటెక్ చదివిన బాబాయిలూ చెప్తారు. వినడానికి సైన్సులాగే ఉంటుంది. ఒక రసాయనం పేరుంది, సినిమాహాల్లో గోడకు వేలాడే ఎర్ర సిలిండరు గుర్తొస్తుంది, అడిగిన పిల్లాడు ఇంకేమీ అడగకుండా ఊరుకుంటాడు.

ఆ జవాబు తప్పు. కొంచెం అటూ ఇటూగా సరిపెట్టుకోదగ్గ తప్పు కూడా కాదు, అసలు కారణం వైపు చూడనివ్వని తప్పు. మంట అంటే ఏమిటి, దేని మీద బతుకుతుంది, దేనికి చస్తుంది అన్నదంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. అంత మంచి ప్రశ్నను పిల్లలు తమంతట తాము మన దగ్గరికి తెస్తుంటే మనం తప్పు జవాబుతో వెనక్కి పంపిస్తున్నాం. నాకు అదే బాధ.

ముందు ఊపిరి లెక్క చూద్దాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. వదిలే గాలిలో అది 16 శాతం చుట్టుపక్కలకు తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం పైచిలుకు చేరుతుంది. అంటే వదిలే గాలిలో కూడా కార్బన్ డయాక్సైడ్ కంటే ఆక్సిజనే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఊపిరి ఆగిన మనిషికి నోట్లో నోరు పెట్టి గాలి ఊదుతారు కదా, ఆ వదిలేసిన గాలిలో ఇంకా సరిపడా ఆక్సిజన్ ఉండబట్టే అది పనిచేస్తుంది.

కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఇక్కడ అడ్డుపడొచ్చు. మూసిన సీసాలో కొవ్వొత్తి పెడితే ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడిపోయేసరికి ఆరిపోతుంది, మన ఊపిరిలో ఉన్నదీ అంతే కదా అని. మంచి అభ్యంతరమే. కానీ మన ఊపిరి ఉన్నది ఉన్నట్టుగా మంట దాకా చేరదు. పెదాలు గుండ్రంగా చుట్టి ఊదినప్పుడు బయటికొచ్చే గాలి ధార పోతూ పోతూ చుట్టూ ఉన్న గది గాలిని తనలోకి లాక్కుంటుంది, వెడల్పవుతుంది, నెమ్మదిస్తుంది. ధార మొదట్లో ఒక సెంటీమీటరు వెడల్పు ఉందనుకుంటే, అడుగు దూరం వెళ్ళేసరికి అందులో మన ఊపిరి దాదాపు పదో వంతే. మిగతాదంతా గదిలో గాలే. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం కూడా ఉండదు, ఆక్సిజన్ 20 శాతం దాటే ఉంటుంది. పుట్టినరోజు నాడు టేబుల్ అవతల నిలబడి కొవ్వొత్తులు ఆర్పే పిల్ల నిజానికి ఆ గది గాలితోనే వాటిని ఆర్పుతోంది.

లెక్కలు నమ్మబుద్ధి కాకపోతే కరెంటు కోతల్ని గుర్తుచేసుకోండి. చీకట్లో వెతికి వెతికి కొవ్వొత్తి వెలిగిస్తాం. కాసేపటికి కరెంటొస్తుంది, స్విచ్ ఆపడం మర్చిపోయిన సీలింగ్ ఫ్యాను గిర్రున అందుకుంటుంది, మనం లేచి వెళ్ళేలోపే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఫ్యానుకి ఊపిరితిత్తులు లేవు. విసనకర్రతో విసిరినా, సైకిలు పంపుతో కొట్టినా అంతే. ఎవరూ పీల్చి వదలని గాలితోనే దీపం పోతోంది. ఈ ఒక్క పరిశీలన చాలు ఆ పాత జవాబు కూలిపోవడానికి. మన తెలుగు ఇళ్ళలో ఇది చూడనివాళ్ళు లేరు, అయినా దీన్నీ దాన్నీ కలిపి చూడం.

ఇంకో పరీక్ష నాకు ఇంతకంటే ఇష్టం, ఎందుకంటే ఇందులో ఊపిరి మారదు. కొవ్వొత్తిని జానెడు దూరంలో పెట్టి, నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా "హా" అని మెల్లగా వదలండి. మంట ఊగుతుంది, పక్కకి వంగుతుంది, మళ్ళీ లేచి నిలబడుతుంది. ఇప్పుడు అంతే బలంతో, పెదాలు దగ్గరకు తెచ్చి "ఫూ" అనండి. ఆరిపోతుంది. రెండుసార్లూ వచ్చింది అవే ఊపిరితిత్తుల నుంచి, అదే కార్బన్ డయాక్సైడుతో. మారింది దారి ఇరుకు. దారి ఇరుకైతే వేగం పెరిగింది.

డాక్టర్లు దీన్ని ఒకప్పుడు వైద్యంలోనే వాడుకున్నారు. వెలుగుతున్న అగ్గిపుల్లను పేషెంటు నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, పెదాలు ముడవకుండా నోరు పూర్తిగా తెరిచి ఆర్పమనేవాళ్ళు. 1959లో అమెరికన్ డాక్టర్లు ప్రచురించిన ఈ పద్ధతికి స్నైడర్ అగ్గిపుల్ల పరీక్ష అని పేరు. నోరు తెరిచి ఉంటే గాలికి వేగం ఛాతీ బలం నుంచే రావాలి. ఆస్తమా వల్లనో, పొగతాగడం వల్లనో శ్వాసనాళాలు ఇరుకైనవాళ్ళు ఆ పుల్లను ఆర్పలేరు. మంట ఆర్పేది కార్బన్ డయాక్సైడే అయితే ఈ పరీక్షకు అర్థమే లేదు, జబ్బు మనిషి ఊపిరిలోనూ అది ఉంటుంది. ఆ డాక్టర్లు అగ్గిపుల్లతో కొలిచింది గాలి వేగాన్ని.

అయితే వేగం మంటను ఎలా చంపుతుంది?

ఫ్యాన్ ఆపిన గదిలో వెలుగుతున్న కొవ్వొత్తిని కాసేపు దగ్గరగా చూడండి. వత్తి మొదట్లో కరిగిన మైనం చిన్న గుంటలా నిలిచి మెరుస్తూ ఉంటుంది. వత్తి చుట్టూ కొంచెం చీకటిగా ఉండే జాగా ఒకటి కనిపిస్తుంది. దాని కింది అంచున, సరిగా చూస్తే తప్ప తెలియనంత పలచగా నీలం రంగు. పైన మనకు బాగా తెలిసిన పసుపు వెలుగు. ఆ పసుపంతా ఎర్రగా కాలి మెరుస్తున్న మసి రేణువులది. చల్లటి స్టీలు గరిటెను అందులో ఒక్క క్షణం పెట్టి తీస్తే అడుగున నల్లగా అంటుకునేది అదే మసి.

మండుతున్నది వత్తి అనుకుంటాం. వత్తి పని కరిగిన మైనాన్ని పైకి పాకించడం వరకే. పైకి పాకిన మైనం వేడికి ఆవిరవుతుంది, ఆ చీకటి జాగాలో నిండి బయటికి వస్తుంది, గాలిలో ఆక్సిజన్ ఎదురయ్యే అంచున మండుతుంది. ఎనిమిదో తరగతిలో దహనం, జ్వాల పాఠం చదివినవాళ్ళకు ఒక ప్రయోగం గుర్తుండొచ్చు: సన్న గాజు గొట్టం ఒక చివరను ఆ చీకటి జాగాలో ఉంచి, రెండో చివర దగ్గర పుల్ల వెలిగిస్తే అక్కడ బుల్లి మంట పుడుతుంది. గొట్టంలోంచి వచ్చేది మైనం ఆవిరే. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. అప్పటికి ఆయన యూరప్ అంతా తెలిసిన శాస్త్రవేత్త, వయసు 69. ఆ వయసులో ఆయన పిల్లల ముందు గాజు గొట్టం పెట్టి ఈ ఆవిరినే చూపించాడు.

ఇప్పుడు ఆ చక్రం చూడండి. మంట వేడికి మైనం కరుగుతుంది. కరిగినది పైకి పాకి ఆవిరవుతుంది. ఆవిరి మండితే వేడి పుడుతుంది. ఆ వేడికి మళ్ళీ మైనం కరుగుతుంది. కొవ్వొత్తి మంట తన తిండిని తానే వండుకుంటోంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో చివర్లో పనుంది.

మనం ఊదగానే ఆ చక్రం మీద మూడు దెబ్బలు ఒకేసారి పడతాయి. వత్తి చుట్టూ ఉన్న ఆవిరి కొట్టుకుపోయి పలచబడుతుంది. వేడి కూడా గాలితో పాటు పోతుంది, దాంతో కొత్త ఆవిరి పుట్టడం తగ్గుతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: మంటకు టైం చాలదు. మైనం ఆవిరి, ఆక్సిజన్ కలిసి మండడానికి కొంత సమయం కావాలి, ఎంత తక్కువైనా సరే. ఇలాంటి ఇంధన ఆవిరి గాలితో సరైన పాళ్ళలో కలిసినప్పుడు మంట అందులో పాకే వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. మన ఊపిరి ధార వేగం సెకనుకు కొన్ని మీటర్లు. మంటకు ఆధారం కింద ఉన్న ఆ నీలి అంచు, ఆవిరీ గాలీ కాస్త ముందుగా కలుసుకునే చోటు అదే. గాలి అక్కడ మెల్లగా ఉంటే మంట ఏటికి ఎదురీదే మనిషిలా తన చోట తాను నిలబడుతుంది. ఏటి వేగం ఈత వేగాన్ని మించితే ఎంత ఈదినా వెనక్కే. నీలి అంచు వత్తిని వదిలేస్తుంది, మంట తన ఆవిరికి దూరంగా కొట్టుకుపోతుంది, అక్కడ తినడానికేమీ లేక ఆరిపోతుంది.

గాలి ఒక చోట నిలిచే సమయానికీ, రసాయన చర్యకు పట్టే సమయానికీ మధ్య ఉండే నిష్పత్తిని జర్మన్ శాస్త్రవేత్త గెర్‌హార్డ్ డామ్‌కోలర్ పేరుతో డామ్‌కోలర్ సంఖ్య అంటారు. జెట్ ఇంజన్లు తయారుచేసేవాళ్ళకి ఇది రోజూ ఉండే టెన్షన్. ఇంజన్ లోపల గాలి మన ఊపిరి కంటే ఎన్నో రెట్లు వేగంగా దూసుకుపోతున్నా మంట ఆరకూడదు, అందుకని లోపల గాలి సుడి తిరిగేలా చేసి మంటకు కాళ్ళూనుకునే చోటు చూపిస్తారు. ఆ నిష్పత్తి ఒక హద్దు కిందికి జారితే మంట ఇక ఉండదు. హద్దు పక్కన ఏం జరుగుతుందో కొవ్వొత్తి దగ్గరే చూడొచ్చు. నెమ్మదిగా గాలి పెంచుతూ పోతే మంట వంగుతుంది, ఇంకా వంగుతుంది, పొట్టిదై నీలంగా మారుతుంది, ఉన్నట్టుండి మాయమవుతుంది. సగం ఆరిన మంట అనేది ఉండదు.

ఆరిన వెంటనే తెల్లటి పొగ తీగలా లేస్తుంది చూశారా, నాకు అన్నిటికంటే నచ్చే సాక్ష్యం అదే. వత్తి ఇంకా వేడిగానే ఉంది, మైనం ఇంకా ఆవిరవుతూనే ఉంది, మండించే మంట మాత్రం లేదు. ఆ ఆవిరి చల్లారి సన్నటి మైనం తుంపరగా కనిపిస్తోంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తాకించకుండా, కాస్త పైన, ఆ పొగ తీగకు పెట్టండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అందుకుంటుంది. ఊది ఆర్పినప్పుడు ఇంధనం అయిపోలేదని, ఆక్సిజనూ అయిపోలేదని ఇంతకంటే స్పష్టంగా చూపించేది ఇంకేముంటుంది? వాటిని కలిపి ఉంచిన వేడి ఒక్క క్షణం దూరమైంది, అంతే. ఆరినా మళ్ళీ వెలిగే మాయ కొవ్వొత్తులు అమ్ముతారు కదా, వాటి వత్తిలో మెగ్నీషియం పొడి ఉంటుంది. ఎర్రగా మిగిలిన వత్తి కొసకు ఆ పొడి అంటుకుని, పైకి లేస్తున్న ఆవిరికి నిప్పు అందిస్తుంది.

ఇక్కడ పల్లెల్లో పెరిగినవాళ్ళు ఒక ప్రశ్న వేయాలి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఊదుగొట్టం పెట్టి ఊదితే పొయ్యి రాజుకునేది కదా, ఆరేది కాదు కదా? అదే నోరు, అదే ఊపిరి. కార్బన్ డయాక్సైడ్ జవాబు ఈ ప్రశ్న ముందు నోరు తెరవలేదు. వేగం జవాబు చెప్పగలదు. పొయ్యిలో అప్పటికే కట్టెలు కాలి నిప్పులయ్యాయి. నిప్పు మండేది దాని ఒంటి మీదే, ఎక్కడో గాలిలో తేలే ఆవిరిలో కాదు. ఊదితే కొట్టుకుపోవడానికి అక్కడేమీ లేదు. పైన పేరుకున్న బూడిద లేచిపోతుంది, కొత్త ఆక్సిజన్ తగులుతుంది, ఎర్రగా కాలిన బొగ్గులో నిలవ ఉన్న వేడి ఒక్క ఊదుతో పోయేది కాదు. అందుకే నిప్పు ఇంకా ఎర్రబడుతుంది, ఆ వేడికి పక్కన కట్టెల్లోంచి కొత్త ఆవిర్లు లేచి భగ్గుమంటాయి. కమ్మరి కొలిమి తిత్తులు చేసే పనీ ఇదే. కంసాలి దీపం మంటలోకి సన్న గొట్టంతో ఊది టంకం పెట్టేటప్పుడు ఇంకా సున్నితమైన పని జరుగుతుంది: మంట ఆరనంత మెల్లగా, కానీ సూదిమొనలా వేడెక్కేంత గట్టిగా, బుగ్గల్లో గాలి ఆపి ఎడతెగకుండా ఊదాలి. ఆ హద్దు ఎక్కడుందో ఆయన చేతికీ బుగ్గలకీ తెలుసు. మైఖేల్ ఫారడే కూడా కమ్మరి కొడుకే.

మా పాపకు స్కూల్లో ఒక టెస్టులో ఈ ప్రశ్నే వచ్చింది. గాలి వేగానికి మంట మైనం ఆవిరి నుంచి విడిపోతుంది కాబట్టి ఆరిపోతుంది అని రాసింది. మార్కులు వేయలేదు. పక్కన ఎర్ర ఇంకుతో కార్బన్ డయాక్సైడ్ ఫార్ములా రాసి ఉంది. వెళ్ళి మాట్లాడితే "కీలో అలాగే ఉందండీ" అన్నారు. ఆ టీచరమ్మ మీద నాకు కోపం లేదు. గదినిండా పిల్లలు, తరుముకొచ్చే సిలబస్, దిద్దాల్సిన పేపర్ల కట్టలు. కానీ కీలో ఉన్నది తప్పయితే, ఇంట్లో ఫ్యాను కింద కొవ్వొత్తి పెట్టి చూసి రాసిన పిల్ల కంటే బట్టీ పట్టిన పిల్లకే ఎక్కువ మార్కులొస్తాయి. అప్పుడు సైన్సు అంటే చూసి తెలుసుకునేది కాదు, కీ చూసి నమ్మేది అని పిల్లలకు అర్థమవుతుంది. ఒక మార్కు పోయినందుకు నేనింత పట్టుబట్టడం లేదు. ఆ అర్థం మనసులో దిగితే తర్వాత తీయడం కష్టం.

"చిన్నపిల్లలకు డామ్‌కోలర్ సంఖ్య చెప్తామా, ఏదో సులువుగా చెప్పాలి కదా" అనేవాళ్ళున్నారు. సులువుగా చెప్పడానికి నేనూ ఒప్పుకుంటాను. "మంటకు తిండి మైనం ఆవిరి. గట్టిగా ఊదితే మంట ఒకవైపు, తిండి ఒకవైపు అయిపోతాయి." ఇందులో ఐదో తరగతి పిల్లలకు అర్థంకాని మాట ఒక్కటి లేదు. కార్బన్ డయాక్సైడ్ అనే మాట కంటే ఇదే సులువు. సులువైన నిజం చేతిలో ఉండగా కష్టమైన అబద్ధం చెప్పడమెందుకు?

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోయి గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. గ్లాసులో ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ అని రుజువైంది అని చెప్తారు. ఆక్సిజన్ అంతా అయిపోదు, ఇందాక చెప్పినట్టు 16 శాతం దగ్గరే మంట పోతుంది. ఖర్చయిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వచ్చి చేరతాయి. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో కళ్ళు పెట్టి చూస్తే చాలు. మండుతున్నంతసేపూ పెద్దగా కదలవు, మంట ఆరిపోగానే గబగబా ఎక్కుతాయి. మంట చుట్టూ ఉన్న వేడిగాలి మీద గ్లాసు బోర్లించాం, మంట పోగానే అది చల్లారి ముడుచుకుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి తోసింది. అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టండి, నీళ్ళు ఇంకా ఎత్తుకు వస్తాయి. గ్లాసులో ఆక్సిజన్ మాత్రం అంతే ఉంది కదా!

కార్బన్ డయాక్సైడ్ మంటను ఆర్పదని నేననడం లేదు. చక్కగా ఆర్పుతుంది, దాని తీరు వేరు. గ్లాసులో వంటసోడా వేసి నిమ్మరసం పిండండి. బుసబుసా పొంగి గ్లాసు నిండా కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. అది గాలి కంటే బరువు. నీళ్ళు ఒలకకుండా ఆ గ్లాసును కొవ్వొత్తి మీదికి మెల్లగా వంచితే కంటికి కనబడనిదేదో ధారగా పోసినట్టు మంట కుంచించుకుని, వత్తి మీంచి లేచి ఆరిపోతుంది. గాలి వీచలేదు, మంట వంగలేదు. ఊది ఆర్పడం, ఇలా ఆర్పడం పక్కపక్కన చేసి చూపిస్తే పిల్లలకు రెండు చావులూ వేర్వేరని వెంటనే తెలుస్తుంది. పాతబావిలో పూడిక తీయడానికి దిగే ముందు దీపం దించి చూసే అలవాటు పల్లెల్లో ఉంది. అక్కడ దీపాన్ని ఆర్పేది ఇలా అడుగున పేరుకున్న గాలే. అయితే ఆ దీపం అన్ని విషవాయువులనూ చెప్పలేదు, మండే వాయువు ఉంటే అదే ప్రమాదం కూడా. ఇప్పుడు గ్యాస్ కొలిచే పరికరం లేకుండా ఎవరూ దిగకూడదు.

దేవుడి దగ్గర దీపాన్ని నోటితో ఊదకూడదని పెద్దలు అంటారు. పువ్వుతో కొండెక్కిస్తారు, లేదా వత్తిని నూనెలోకి లాగుతారు. దీని వెనక సైన్సు ఉందని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు నాకు నచ్చవు. అది భక్తితో, గౌరవంతో పెట్టుకున్న మర్యాద, దానికి సైన్సు సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే కేకు విషయంలో ఒక అధ్యయనం జరిగింది. అమెరికాలో క్లెమ్‌సన్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో, ఊదిన తర్వాత ఐసింగ్ మీద బాక్టీరియా సగటున 1400 శాతం పెరిగినట్టు చూపించారు. ఆరోగ్యవంతుల మధ్య పెద్దగా భయపడాల్సింది లేదు, జలుబుతో ఉన్న పిల్ల ఊదబోతుంటే మాత్రం చేతికి విసనకర్ర ఇవ్వండి. ఇప్పుడు మనకు తెలుసు, అదీ అంతే బాగా ఆర్పుతుంది.

ఇదే సైన్సు ఎంత పెద్దదాకా వెళ్తుందో చెప్పాలి. 1961 నవంబరులో అల్జీరియా ఎడారిలో గాసీ టూయిల్ అనే చోట ఒక గ్యాసు బావి అంటుకుంది. మంట 140 మీటర్ల దాకా లేచింది. భూమి చుట్టూ తిరుగుతున్న జాన్ గ్లెన్‌కి అంతరిక్షం నుంచి కనిపించింది. రెడ్ అడైర్ అనే అమెరికన్ 1962 ఏప్రిల్‌లో దాన్ని పేలుడు పదార్థాలతో ఆర్పాడు. మంటను బాంబుతో ఆర్పడమేమిటనిపిస్తుంది. పేలుడు తాకిడి మంటను ఒక్కసారిగా గ్యాసు ధార నుంచి విడగొడుతుంది. మన "ఫూ" చేసే పనే. 1991లో కువైట్‌లో 600కు పైగా చమురు బావులు తగలబడుతుంటే హంగరీ ఇంజనీర్లు పాత టీ-34 యుద్ధ ట్యాంకు మీద రెండు మిగ్-21 విమానం ఇంజన్లు బిగించి తీసుకొచ్చారు. వాటి గాలిలోకి నీళ్ళు వదులుతూ బావుల్ని ఊది ఆర్పారు.

మనకూ ఇలాంటిది తెలుసు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి తన్నుకొచ్చింది. ఆ మంట 65 రోజులు మండింది. ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ రాత్రుల వెలుగు గురించి అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అంత పెద్ద మంటల దగ్గర ఆర్పడంతో పని అయిపోదు. ఆర్పాక కూడా గ్యాసు అంతే ఒత్తిడితో తన్నుకొస్తూ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు మళ్ళీ భగ్గుమనడానికి. అందుకే ఇలాంటి బావుల దగ్గర పనిచేసేవాళ్ళు చుట్టూ కాలిన ఇనుమును నీళ్ళతో చల్లబరుస్తూ, రవ్వ పుట్టని కంచు పనిముట్లతో మూత బిగిస్తారు.

కొవ్వొత్తికీ ఆ బావికీ అసలు తేడా ఇక్కడుంది. కొవ్వొత్తి మంట తన ఇంధనాన్ని తానే తయారుచేసుకుంటుంది. మంట పోతే కాసేపటికి ఆవిరీ ఆగిపోతుంది. అందుకే పిల్లలు నిశ్చింతగా ఊదొచ్చు. బావిలో గ్యాసు భూమి ఒత్తిడికి వస్తుంది, మంట ఉన్నా లేకపోయినా వస్తుంది.

మన వంటింట్లో ఉన్నది కొవ్వొత్తి కాదు, చిన్న బావి. సిమ్‌లో పెట్టిన బర్నరు కిటికీ గాలికి ఆరిపోతుంది, లేదా పాలు పొంగి ఆరిపోతుంది. మంట లేదు, చప్పుడు లేదు, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి గచ్చు మీద పరుచుకుంటూ పోతుంది. దానికి సొంత వాసన దాదాపు లేదు, మనకు తెలియాలనే ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. "మంట ఆరింది అంటే కార్బన్ డయాక్సైడ్ ఆర్పింది" అని నేర్చుకున్న పిల్లకు ఇక్కడ ఆలోచించడానికి ఏమీ మిగలదు, ఆరింది కాబట్టి పనయిపోయింది. మంటా ఇంధనమూ విడిపోయాయని నేర్చుకున్న పిల్ల వెంటనే అడుగుతుంది: మరి ఆ గ్యాసు ఎటు పోతోంది?

వాసన వస్తే ముందు నాబ్, తర్వాత రెగ్యులేటర్ కట్టేయాలి. తలుపులూ కిటికీలూ తెరవాలి. లైటు స్విచ్ వేయకూడదు, వేసి ఉంటే ఆపకూడదు, గాలి పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాను అసలు ముట్టకూడదు, స్విచ్ లోపల పుట్టే రవ్వ చాలు. బయటికి వచ్చాక గ్యాసు లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలి. ఇప్పుడు కొన్ని స్టవ్‌లలో బర్నరు పక్కన చిన్న లోహపు కడ్డీ ఉంటోంది. మంట తగులుతున్నంతసేపు ఆ వేడికి పుట్టే కొద్దిపాటి కరెంటే గ్యాసు వాల్వును తెరిచి ఉంచుతుంది, మంట పోతే కడ్డీ చల్లారి వాల్వు దానంతటదే మూసుకుంటుంది. కొవ్వొత్తికి పుట్టుకతో ఉన్న గుణాన్ని గ్యాసు స్టవ్‌కు అతికించినట్టన్నమాట. కొత్త స్టవ్ కొనేటప్పుడు గ్లాసు టాప్ రంగు సంగతి తర్వాత, ఈ కడ్డీ ఏర్పాటు, అంటే ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్, ఉందా అని షాపులో ముందు అడగండి.